వార్షిక నివేదిక: లిటిల్ మోర్టన్ హాల్ చుట్టూ మన సంఘం ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి అన్నీ మీ అందరి సాయంతో బాగా జరిగాయి. పిల్లల తెలుగు తరగతులు ఆగకుండా నడిచాయి. ఆడిటర్ చూసిన లెక్కలను సర్వసభ్య సమావేశంలో మీ ముందు పెడతాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు కొత్తగా మొదలైన వారసత్వ బృందానికి ఇస్తున్నాను. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఏళ్ల తరబడి ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో ఉంటున్నాం, ఇళ్లు కొనుక్కున్నాం, పిల్లలు ఇక్కడే పుట్టారు. అయినా ఈ ఊళ్ల చరిత్ర మనలో చాలామందికి తెలియదని కిందటి సమావేశంలో కొందరు పెద్దలు అన్నారు. ఆ మాటతోనే బృందం ఏర్పడింది. పది చోట్లు తిరిగి ఫొటోలు దిగేకన్నా ఒక్క ఇంటినే నింపాదిగా తెలుసుకుందామనుకుని, కాంగిల్‌టన్ దగ్గరున్న లిటిల్ మోర్టన్ హాల్‌ని ఎంచుకున్నాం.

చుట్టూ కందకం, మధ్యలో ఓక్ కర్రతో కట్టిన ఇల్లు. 1504–08 ప్రాంతంలో విలియమ్ మోర్టన్ అనే భూస్వామి మొదలుపెట్టాడు. తర్వాతి తరాలు 1610 దాకా ఒక్కో భాగం కలుపుతూ వచ్చాయి. అందుకే ఏ రెండు వైపులూ ఒకేలా ఉండవు. ముందు రాతి పునాది మీద ఓక్ చట్రం నిలబెడతారు. ఒక కొయ్య చివర చెక్కి రెండోదాని తొర్రలో దించి, అడ్డంగా చెక్క చీల కొట్టి బిగిస్తారు. చట్రం మధ్య ఖాళీల్లో తడిక అల్లి మట్టి మెత్తుతారు. ఈ పద్ధతి వివరిస్తున్నప్పుడు మన సభ్యుల అమ్మానాన్నల ముఖాలు చూడాల్సింది. తడిక మీద మట్టి మెత్తిన గోడల మధ్య పెరిగినవాళ్లు కదా, మట్టిలో ఏం కలిపేవారు, ఎన్నాళ్లకోసారి మళ్లీ మెత్తేవారు అని వాళ్లే మాకు చెప్పడం మొదలుపెట్టారు.

నడిమి వాకిట్లో రెండంతస్తుల కిటికీ గూళ్లు రెండు పక్కపక్కనే ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి కప్పులు ఒకదాన్నొకటి దాదాపు తాకుతాయి. వాటి మీద కొయ్యలో చెక్కిన అక్షరాలున్నాయి. ఈ కిటికీలు 1559లో విలియమ్ మోర్టన్ (ఇల్లు మొదలుపెట్టినాయన కాదు, అదే పేరున్న తర్వాతి తరంవాడు) చేయించాడని ఒక మాట. దేవుడి దయవల్ల వీటిని చేసింది వడ్రంగి రిచర్డ్ డేల్ అని ఇంకో మాట. ఇంటి యజమాని పేరు పక్కనే పనివాడి పేరు అంత ధీమాగా కనిపించడం అరుదు. మా పిల్లలు ఎక్కువసేపు నిలబడింది అక్కడే. అప్పటి స్పెల్లింగులు కూడబలుక్కుంటూ చదివారు.

పైన 68 అడుగుల పొడవున లాంగ్ గ్యాలరీ ఉంది. కింది అంతస్తుల పని మొదలయ్యాక, తర్వాత తోచి పెట్టినట్టుంది ఇది. దాని మీద బరువైన రాతి పలకల కప్పు వేశారు. ఆ భారానికి కింది గోడలు బయటికి ఉబ్బాయి, నేల వంకర్లు పోయింది. నడుస్తుంటే కాలు ఒక పక్కకి జారుతున్నట్టే ఉంటుంది. వాన రోజుల్లో వ్యాయామానికీ ఆటలకీ వాడుకున్న గది ఇది. గోడల చెక్క పలకల వెనక 17వ శతాబ్దం తొలినాళ్ల టెన్నిస్ బంతులు నాలుగు దొరికాయి! కింది అంతస్తులో ఒక చిన్న గది పలకల వెనక, బైబిల్‌లోని సుసన్నా కథ బొమ్మలు 1976లో బయటపడ్డాయి.

ఇదంతా మన కళ్లబడటానికి కారణం ఆ కుటుంబం చితికిపోవడం. రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో మోర్టన్‌లు రాజు పక్షాన నిలిచారు. 1643లో పార్లమెంటు పక్షం ఇంటిని స్వాధీనం చేసుకుని సైనికులను దింపింది. ఇల్లు తిరిగి వచ్చినా అప్పులు మిగిలాయి. 1670ల చివరికల్లా వాళ్లు అక్కడ ఉండటం మానేసి, కౌలు రైతులకు అద్దెకిచ్చారు. డబ్బున్న దొరలు తమ ఇళ్లను పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో కట్టుకుంటుంటే, ఇక్కడ ఆ స్తోమత లేక పాత ఇల్లు పాతగానే ఉండిపోయింది. 1847 నాటికి చాలా గదులు ఖాళీ, ప్రార్థన మందిరంలో బొగ్గు పోసుకునేవారు.

1892లో ఇల్లు ఎలిజబెత్ మోర్టన్ అనే క్రైస్తవ సన్యాసినికి వచ్చింది. ప్రార్థన మందిరాన్ని ఆమె బాగు చేయించారు. ఎన్నడూ అమ్మకూడదన్న షరతుతో 1912లో బంధువుకి రాసిచ్చారు. 1938లో అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. నిలబెట్టినందుకు వడ్రంగికి ఎంత రుణపడ్డామో, అమ్మనివ్వనందుకు ఆమెకూ అంతే రుణపడ్డామని నా అభిప్రాయం. అంతకుముందు కౌలుకి ఉంటూ ఆ కప్పుల కింద కాపురాలు చేసిన రైతు కుటుంబాలనూ మరవకూడదు.

లాంగ్ గ్యాలరీ మెట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టమయ్యాయి. కింద వాకిట్లో ఆగిపోయిన పెద్దలకు తోడుగా ఉండి, పైనున్నవన్నీ ఫోన్‌లో చూపించిన యువ సభ్యులకు ధన్యవాదాలు. తర్వాత పిల్లలు గీసిన కిటికీ అద్దాల డిజైన్లను ఉగాది హాల్లో పెట్టాం.

వచ్చే ఏడాదికి డెర్బీషైర్‌లోని హాడన్ హాల్‌ని ప్రతిపాదిస్తున్నాం. యజమానులు వేరేచోటికి మారిపోవడంతో శతాబ్దాల పాటు మార్పుల్లేకుండా ఉండిపోయిన ఇల్లు అది. బస్సు ఖర్చుకి సంఘం నిధి నుంచి కొంత ఇవ్వాలన్న తీర్మానం సమావేశంలో ఓటుకి వస్తుంది. వడ్రంగం, ఇంటి నిర్మాణం తెలిసిన సభ్యులు ముందుగా ఒక సాయంత్రం మాట్లాడటానికి ఒప్పుకుంటే చాలా సంతోషం. కార్యవర్గంలో ఎవరికైనా చెప్పండి.

కార్యదర్శి