బడి ర్యాంపు, బాత్రూం, ఆటో పైసల జమా ఖర్చులు

చందా ఇచ్చిన అందరికీ నమస్కారం. జూన్ నుంచి అక్టోబర్ ఆఖరు దాకా మన సర్కారు బడి కోసం జమైన పైసలు, పెట్టిన ఖర్చు ఇక్కడ రాస్తున్నాం. ఇదే కాగితం పంచాయతీ గోడకు కూడా అంటించాం. రశీదులు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఇల్లిల్లూ తిరిగితే 38,650 రూపాయలు వచ్చాయి. హైదరాబాద్‌లో ఉంటున్న మన ఊరివాళ్ళు ఫోన్‌పేలో 41,500 పంపారు. పాత పదో తరగతి బ్యాచ్ ఒకటి 25,000 ఇచ్చింది. బొడ్రాయి పండుగ మిగులు 6,200, పని అయ్యాక మిగిలిన ఇసుక అమ్మితే 1,500. మొత్తం జమ 1,12,850.

ఖర్చులో మొదటి పద్దు చెప్పడానికే ఇబ్బందిగా ఉంది. ర్యాంపు రెండుసార్లు కట్టాం. బడి అరుగు రెండడుగుల ఎత్తు. ముందర జాగా లేదని మేస్త్రీ ఆరడుగుల్లోనే దించేశాడు, మేమూ బాగుందన్నాం. సిమెంటు ఆరాక ఐదో తరగతి అమ్మాయిని వీల్‌చైర్‌లో ఎక్కించబోతే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వాళ్ళ నాయన వెనక పట్టుకోకపోతే పడేది. "ఇది జారుడుబండ సార్" అన్నది ఆ పిల్లే. మండలంలో వైకల్యం ఉన్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం సారు టేపు పట్టుకొచ్చి, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలని చెప్పారు. అంటే మనకు ఇరవై నాలుగు. ఆ మాట ముందే అడగాల్సింది. 11,800 మట్టిలో పోసినట్టయింది. మేస్త్రీని అనేదేం లేదు, కొలత అడగనిది మేమే. పగలగొట్టిన కూలి 2,600 కమిటీలోని ఐదుగురం చేతి నుంచి వేసుకున్నాం, ఈ లెక్కలో కలపలేదు.

రెండో ర్యాంపు గోడ వెంబడి పన్నెండడుగులు వెళ్ళి, మలుపులో బండి తిప్పుకునేంత చదునుతో, మళ్ళీ పన్నెండడుగులు దిగుతుంది. దానికి 31,400, పట్టుకునే పైపులకు, వెల్డింగుకు 9,700.

బాత్రూం తలుపు వెడల్పు చేసి, కమోడ్ పెట్టి, గోడకు పైపులు బిగించడానికి 22,350. నిజానికి ఇదే ముందు చేయాల్సింది. పాత తలుపులోంచి వీల్‌చైర్ పట్టదు కాబట్టి ఆ అమ్మాయి బడి ఉన్న రోజు పొద్దుటి నుంచి నీళ్ళు తాగేది కాదట. వాళ్ళమ్మ చెప్పేదాకా మాకెవరికీ తట్టలేదు.

ఆటోకు నెలకు 2,400 చొప్పున ఐదు నెలలకు 12,000. అందులో ఈ అమ్మాయి, చూపు సరిగా లేని మూడో తరగతి బాబు వస్తారు. బాబు తల్లిదండ్రులు హైదరాబాద్‌లో అడ్డా కూలీలు, వాడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. ఆమె రోజూ తీసుకురాలేదు. సర్కారు బడుల పథకం సమగ్ర శిక్ష కింద ఇలాంటి పిల్లలకు రవాణా భత్యం ఉంది, ఇద్దరి పేర్లూ రాయించాం. వాడికి పెద్ద అక్షరాల జిరాక్సులు, భూతద్దం 1,940. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు నల్గొండ, ఫిజియోథెరపీకి భవిత కేంద్రం తిప్పిన చార్జీలు 3,860. కూలీల చాయ్, భోజనాలు 1,280. రశీదు పుస్తకాలు 450.

మొత్తం ఖర్చు 94,780. మిగిలింది 18,070. బ్యాంకులో 17,000, చేతిలో 1,070.

చందా అడిగినప్పుడు ఇద్దరు పిల్లల కోసం ఇంత ఖర్చా అని ఒకరిద్దరు అన్నారు. మన మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్ళతో కాళ్ళు వంగిపోయిన పెద్దవాళ్ళు ఎందరున్నారో మీకు తెలుసు. ఓట్ల రోజు వాళ్ళు వచ్చేదీ ఈ అరుగు మీదికే. ఇంకొకరు, సర్కారు చేయాల్సింది మనమెందుకు అన్నారు. ఆ మాట నిజమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరి బడిలో ఉచిత చదువు హక్కు. హెడ్మాస్టర్ దరఖాస్తు పంపారు. అది తేలేలోపు ఆ పిల్ల ఐదో తరగతి అయిపోతుంది.

మిగిలిన దాంట్లో ఏప్రిల్ దాకా ఆరు నెలల ఆటోకు 14,400 పక్కన పెట్టాం. భత్యం వస్తే అది తిరిగి ఖాతాలో పడుతుంది. ఇక ఉండేది 3,670. బాత్రూంలో కుళాయి కూర్చున్న పిల్లకు అందడం లేదు, కిందికి దించాలి. ప్లంబర్ సోమవారం వస్తానన్నాడు. ఈసారి ఎత్తు ఆ అమ్మాయినే కూర్చోబెట్టి కొలుస్తాం.