ఓవర్‌టైం రుసుము మనకేమీ కొత్త కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి రాయాలనుకుంటూ ఇవాళ్టికి కూర్చున్నాను. డాలస్, హ్యూస్టన్, మయామీ విమానాశ్రయాలు సొంత డబ్బు కట్టి అదనపు తనిఖీ అధికారులను పెట్టించుకుంటున్నాయట. మన విజయవాడలో, విశాఖలో కూడా ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో ఆ పని చేస్తే సరుకులూ ప్రయాణికులూ చకచకా కదులుతారట. వ్యాసకర్త జన్మలో ఒక్క షిప్పింగ్ బిల్లయినా, అంటే ఎగుమతి సరుకుకు కస్టమ్స్‌లో ఇచ్చే పత్రమైనా, దాఖలు చేసినట్టు లేదు.

నేను విశాఖలో సీహెచ్‌ఏ, అంటే సరుకుల యజమానుల తరఫున కస్టమ్స్ పనులు చేసిపెట్టే ఏజెంట్ల కార్యాలయాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సెలవు రోజున గానీ, పనివేళలు దాటాక గానీ సరుకు ఎక్కించాలన్నా దించాలన్నా రుసుము కట్టి తీరాలని 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 36వ సెక్షనే చెబుతోంది. ఈ రుసుము పేరే మర్చంట్ ఓవర్‌టైం, అంటే ఎంఓటీ; పోర్టు రోడ్డులో టీ కొట్టు కుర్రాడికి కూడా తెలిసిన మాట. 1998లో దీనికి విడిగా నిబంధనలు కూడా తెచ్చారు. అమెరికా ఈ పద్ధతిని అయిదు చోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టడానికి చట్టం చేసింది 2013లో. ఎవరిని చూసి ఎవరు నేర్చుకోవాలో మీరే చెప్పండి.

డబ్బు కడితే పని జరుగుతుందనుకునేవారికి ఒక్క సంగతి. రొయ్యల ప్లాంటులో కంటైనర్‌ నింపి తలుపు మూయాలంటే ఒకప్పుడు కస్టమ్స్ అధికారి దగ్గరుండాల్సిందే. చలానా కట్టేవాళ్లం, కారు పంపేవాళ్లం, విప్పి చూపడానికి నాలుగు పెట్టెలు పక్కన పెట్టేవాళ్లం. కంటైనర్ చల్లగా ఉండటానికి పొద్దున్నుంచీ జనరేటర్ డీజిల్ తాగుతూనే ఉండేది. అయ్యగారు దిగేది భోజనాల వేళ దాటాకే. ఓవర్‌టైం గంటల లెక్కలో మాత్రం ఒక్క నిమిషం తేడా వచ్చేది కాదు! 2017లో ఎగుమతిదారే ఎలక్ట్రానిక్ సీలు వేసుకునే పద్ధతి వచ్చాక గానీ ఆ బాధ తీరలేదు. అంటే అసలు ఆ అధికారి రావాల్సిన అవసరమే లేకుండా చేస్తే పని కదిలింది.

ఇది చాలదన్నట్టు కాస్ట్ రికవరీ ఒకటి. కంటైనర్ డిపో పెట్టుకున్నవారు అక్కడ నియమించిన కస్టమ్స్ సిబ్బంది సగటు జీతానికి 1.85 రెట్లు, ఆపైన డీఏ, ఇంటి అద్దె భత్యం ప్రభుత్వానికి చెల్లించాలి. వ్యాపారం నిర్ణీత స్థాయికి చేరితేనే మినహాయింపు. డిపో యజమాని ఇంట్లోంచి తెచ్చి కడతాడా? హ్యాండ్లింగ్ ఛార్జీల్లో కలిపి ఎగుమతిదారు నెత్తిన వేస్తాడు, అతను రైతుకిచ్చే ధరలో కోస్తాడు. ఇరవై నాలుగు గంటల సేవ ఉన్న పెద్ద పోర్టుల్లో ఎంఓటీ ఎత్తేశారు, కాదనను. ఆ మంచి పని జరిగాక మళ్లీ రుసుముల దారి పట్టమనడం ఏం తెలివి?

వ్యాసకర్త చెప్పకుండా దాటేసినది ఇంకొకటుంది. 2016 డిసెంబరులో అమెరికా ఈ పద్ధతిని శాశ్వతం చేసినప్పుడు, దీని అమలును సమీక్షించే పని తమ ఆడిట్ సంస్థకు అప్పగించింది. విమానాశ్రయాలు కట్టేది ప్రధానంగా ఓవర్‌టైం ఖర్చు. దీన్ని సాకుగా చూపి మామూలు సేవలకు కోత పెట్టకూడదు. మన దగ్గర ఆ కాపలా ఏదీ? రుసుము వస్తోంది కదా అని ఉన్న పోస్టులే ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ అయిన కుర్చీని మన కార్యాలయాల్లో ఎంత భక్తిగా కాపాడతారో అందరికీ తెలిసిందే. మొన్న మా మనవరాలు ఒక విమానాశ్రయంలో విమానం ఎక్కడానికి వెళ్తే ఇమిగ్రేషన్ కౌంటర్లలో సగానికి సగం అద్దాలే కనిపించాయట, మనుషులు లేరట. గోడ మీద 'మీకు సేవ చేయడమే మా భాగ్యం' బోర్డు మాత్రం తళతళలాడుతోందట.

విజయవాడ సంగతీ గుర్తుచేయాలా? 2017లో అంతర్జాతీయ హోదా ఇచ్చారు. 2018 డిసెంబరులో సింగపూర్ విమానం మొదలైంది, అదీ నష్టం వస్తే రాష్ట్ర ప్రభుత్వం పూడుస్తానన్న పూచీతో. ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. విమానానికీ మనమే కట్టి, దిగినవాడి పాస్‌పోర్టు మీద ముద్ర వేసే అధికారికీ మనమే కట్టాలంటే, ఇక పన్నులు దేనికి వసూలు చేస్తున్నట్టు?

ఇంతా విన్నాక కూడా కట్టించుకోవాలనే ఉంటే ముందు ఒక పని చేయమనండి. కస్టమ్స్ హౌస్ నోటీసు బోర్డు మీద నెలనెలా మూడు అంకెలు రాయాలి: మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఎంఓటీ కింద వచ్చిందెంత. వ్యాసం వేసినంత చోటు అక్కర్లేదు, ఆ అంకెలు సంపాదించి ఏ మూలనైనా వేయండి చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత క్లియరింగ్ ఉద్యోగి,
విశాఖపట్నం