గుంటూరు 1766లో పోలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మా మనవరాలు ఒక క్విజ్ పోటీ నుంచి ఏడుపు ముఖంతో వచ్చింది. గుంటూరు ఇంగ్లీషు వాళ్ల చేతికి ఎప్పుడు వచ్చిందని అడిగితే 1788 అని చెప్పిందట. కాదు, 1766 అని మార్కు కోసేశారు. "అమ్మమ్మా, నువ్వే కదా చెప్పావు!" అని నన్ను నిలదీసింది. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ సాయంత్రమే వరండాలో సుద్దముక్కతో కృష్ణానది గీసి ఐదు సర్కార్లకు, అంటే అప్పటి ఐదు పెద్ద జిల్లాలకు, ఐదు చింతపిక్కలు పెట్టాను. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి ఏటికి ఆవల. గుంటూరు ఒక్కటే ఈవల. అప్పటి కాగితాల్లో దాని పేరు ముర్తజానగర్. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానా చూపించి ఇంగ్లీషు వాళ్ల ఈస్టిండియా కంపెనీ ఈ సర్కార్లన్నీ తనవే అంది. హైదరాబాదు నిజాం అలీ ఖాన్ ఒప్పుకోలేదు. చివరికి 1766 నవంబరు 12న సర్కార్లను కంపెనీకి ఇచ్చేట్టు ఒప్పందం కుదిరింది. అయితే నిజాం సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం గుంటూరు ఆయన జాగీరే అని అందులోనే ఉంది. గుంటూరు కింద కంపెనీ నిజాంకు ఏటా కట్టాల్సిన 2 లక్షలు కూడా అది చేతికొచ్చాకే. ఆ చింతపిక్కను నేను కదపలేదు.

కంపెనీకి మాత్రం తొందర. మోటుపల్లి రేవు నుంచి బసాలత్ జంగ్‌కు ఫ్రెంచి వాళ్ల సాయం అందుతోందని దాని భయం. 1779లో మద్రాసు గవర్నర్ రంబోల్డ్ నిజాంకు చెప్పకుండా నేరుగా బసాలత్ జంగ్‌తో మాట్లాడుకుని గుంటూరు తీసుకున్నాడు, తీసుకుని ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చాడు! నిజాం మండిపడ్డాడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ కలగజేసుకుని వెనక్కి ఇప్పించాడు. 1782లో బసాలత్ జంగ్ పోయాక కూడా నిజాం ఆరేళ్లు వదల్లేదు. తర్వాతి కాలపు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ 1788లో కెన్నవే అనే కెప్టెన్‌ను హైదరాబాదు పంపాక గానీ ఇవ్వలేదు.

ఇరవై రెండేళ్లు నలిగిన మన ఊరి సంగతిని "1766లో సర్కార్లు ఇంగ్లీషు వారి వశం" అనే ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఇక్కడి పిల్లలకు ఇక్కడి చరిత్ర ఎవరు చెబుతారు? గైడ్లు రాసేవాళ్లు, ప్రశ్నలు తయారుచేసేవాళ్లు దయచేసి గుంటూరును విడిగా చూడండి. ఆ పిల్లకు మార్కు తిరిగి ఇవ్వకపోయినా ఫర్వాలేదు. నువ్వు చెప్పింది సరైనదేనమ్మా అని ఒక్క మాట చెప్పండి, చాలు.

ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
బ్రాడీపేట, గుంటూరు