చిరుత ఫొటో మసకగా ఎందుకొస్తుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

2024లో శంషాబాద్ విమానాశ్రయంలో చిరుత దూరినప్పుడు అటవీ శాఖ వాళ్లు బోన్లతో పాటు, ఎదురుగా జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలూ పెట్టారు. అలాంటి కెమెరా తీసిన ఫొటో పేపర్లో పడ్డప్పుడల్లా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల: "ఈ బూడిదరంగు బొమ్మకా అంత ఖర్చు?" మలక్‌పేటలో స్టూడియో నడిపినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

చెట్టుకు కట్టే ఆ కెమెరా పెట్టెలోని సెన్సర్‌కు జంతువు కనపడదు. చుట్టుపక్కల కన్నా వేడిగా ఉన్న ఒళ్లు కదిలితే పసిగడుతుందంతే. మన మే నెల ఎండకు నేలా రాయీ కూడా ఒంటివేడికి దగ్గరగా కాగిపోతే, తేడా తెలియక తడబడుతుంది. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ దీపాలతో తీస్తే జంతువు అంతగా బెదరదు గానీ రంగులు రావు. వెలుతురు చాలక షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుంటుంది, నడిచే కాలు సాగిపోయినట్టు పడుతుంది. తెల్ల ఫ్లాష్ అయితే మీసాలతో సహా దొరుకుతుంది. పెళ్లిళ్లలో మేం వాడిన ఫ్లాష్ లాంటిదే, పెద్ద వింతేం కాదు.

పులుల లెక్కకు ఈ స్పష్టత కావాలి. ఒక పులి చారలు ఇంకోదానికి ఉండవు. దాని కుడి పక్క చారలే ఎడమ పక్క వాటితో కలవవు. అందుకే దారికి అటూ ఇటూ రెండు కెమెరాలు కడతారు. 2018 గణనలో దేశంలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు, గిన్నిస్‌కెక్కింది.

మీకో మనవి. ఆ ఫొటోల అడుగున తేదీ, సమయం ఉండే పట్టీని కత్తిరించకండి. ఎప్పటివో పాత ఫొటోలు 'నిన్న రాత్రి మన కాలనీలో' అంటూ ఫోన్లలో తిరుగుతున్నాయి.

— ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్