పెట్టెల మీది అక్షరాలు చెరపం

మొన్న ఒక టీవీ చానెల్ తిరుమలగిరిలో సైన్యం వాడేసిన సామాన్లు అమ్మే మా దుకాణం ముందు పేర్చిన ఆకుపచ్చ ఖాళీ ఇనప పెట్టెల్ని చూపిస్తూ, "రోడ్డు మీదే తూటాల పెట్టెలు" అని రోజంతా స్క్రోలింగ్ వేసింది. పోలీసులు వచ్చి పెట్టెలు తెరిచారు, బిల్లులు చూశారు, వెళ్లిపోయారు. అది మాత్రం ఎక్కడా రాలేదు. "మేం కొన్న పెట్టె ఇంట్లో ఉండొచ్చా?" అని అడుగుతున్న అందరికీ ఇదే జవాబు.

ఉండొచ్చు. ఖాళీ పెట్టె ఆయుధమూ కాదు, తూటా కూడా కాదు. దాని మీద తెల్లరంగుతో ఉన్న అక్షరాలు ఒకప్పుడు లోపల ఏ రకం తూటాలు, ఎన్ని, ఏ లాట్‌వి (ఏ విడతలో తయారైనవి) ఉండేవో చెబుతాయి. ఒక తూటా తేడా చేస్తే ఆ లాట్ మొత్తాన్ని వెనక్కి తెప్పించడానికే ఆ లాట్ నంబరు. ఇవాళ లోపల ఏముందో అది చెప్పదు.

ఆ అక్షరాల మీద రంగు కొట్టేయమని సలహాలు వచ్చాయి. రెండు వారాలు ఇదే ఆలోచించాం. కొట్టం. కొత్త రంగు కింద అడుగు అతుకుల తుప్పు దాగిపోతుంది, కొనేవాళ్లకు కనబడదు. మూత అంచుకు తగిలితే రబ్బరు వాషర్ అతుక్కుని, తెరిచినప్పుడు చిరుగుతుంది. అప్పుడిక నీళ్లు ఆగవు. (వాషర్ బాగుందో లేదో చూడాలంటే కాగితం ముక్క పెట్టి మూత బిగించి లాగండి. జారి వచ్చేస్తే వాషర్ పోయినట్టే. నాలుగు వైపులా చూడాలి.) అన్నిటికీ మించి, దాచాల్సిన తప్పు మేం చేయలేదు. ఇకపై బిల్లు మీద పెట్టె లాట్ నంబరు రాసిస్తాం. ఎవరైనా అడిగితే మూత తెరిచి, బిల్లు చూపించండి.

తప్పు జరిగింది ఇంకోచోట. ఆ వార్త తర్వాత వచ్చిన లోడులో మూడు పెట్టెల అడుగున షెల్స్, అంటే పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు దొరికాయి. అన్నీ తనిఖీ చేసి పంపామని సరఫరాదారు మాటిచ్చాడు. పెట్టెల్ని వేలంలో కొన్నట్టు చూపే కాగితాల నకలు అడిగితే ఇప్పటికీ పంపలేదు. షెల్స్ పోలీసులకు అప్పగించాం, లోడు తిప్పి పంపాం, అతనితో వ్యాపారం ముగిసింది. 1959 ఆయుధాల చట్టం తూటా భాగాల్ని కూడా తూటాల కిందే లెక్కగడుతుంది. కాబట్టి షెల్స్‌తో చేసిన పెన్ స్టాండ్లు కూడా ఇక అమ్మం. మా దగ్గర కొన్నవి విమానం బ్యాగులో పెట్టకండి, తెచ్చిస్తే డబ్బు వెనక్కి ఇస్తాం.

ఒక జాగ్రత్త. షెల్ అడుగున గుండ్రటి క్యాప్ మీద సొట్ట ఉంటే పేలిపోయిందనే అనుకుంటారు. కొన పైన గుండు ఇంకా ఉంటే, సొట్ట పడినా పేలని తూటా అయ్యుండొచ్చు. ముట్టుకోకుండా 112కు చెప్పండి.

కత్తుల సంగతి ఎప్పటిలాగే: 9 అంగుళాల కన్నా పొడవు గానీ, 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న బ్లేడు కత్తి మా దగ్గర ఉండదు. కొబ్బరి బోండాల కత్తిలాంటి పనిముట్లకు చట్టంలో ఈ కొలత వర్తించదు. 2022లో వచ్చిన సైన్యం కొత్త యూనిఫాం డిజైన్ గుడ్డ కూడా అమ్మం, అడగొద్దు.

వేలం కాగితాలు చేతికిచ్చే సరఫరాదారు దొరికేదాకా కొత్త పెట్టెలు రావు. అడ్వాన్స్ కట్టినవాళ్లు రసీదు తెచ్చి మొత్తం డబ్బు తీసుకెళ్లండి.