వినే గది కోసం విరాళాల విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియులైన విశ్వాసులకు హన్మకొండ నుంచి మా సంఘ కమిటీ వందనాలు. బాధ చెప్పుకోవడానికి వచ్చినవారి మాట ఏకాంతంగా వినడానికి మన మందిరంలో ఒక గది కడుతున్నాం, దానికి మీ సాయం కోరుతున్నాం.

ఆదికాండము 16వ అధ్యాయంలో శారయి, ఆమె భర్త అబ్రాము తమ దాసి హాగరు గురించి మాట్లాడుకుంటారు. ఇద్దరిలో ఒక్కరూ ఆమె పేరెత్తరు, దాసి అనే అంటారు. హాగరు గర్భవతిగా అరణ్యంలోకి పారిపోయినప్పుడు నీటిబుగ్గ దగ్గర ఆమెను పేరుపెట్టి పిలిచింది యెహోవా దూతే. పిలిచి ముందు అడిగాడు: ఎక్కడినుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు? ఆమె జవాబు చెప్పాకే ఆజ్ఞ, ఆ తర్వాతే వాగ్దానం. మనుషులు కాదన్నవారికి దేవుని ప్రేమ చెప్పాలంటే సంఘం కూడా ఈ వరుసే పట్టాలి.

మన మందిరంలో ఇప్పుడు అలా అడిగే చోటు లేదు. ఆరాధన అయ్యాక వరండాలో, పదిమంది వింటుండగా, "ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకుని వెళ్లిపోతారు. ఇంటర్‌లో తప్పిన పిల్లవాడు, కట్నం చాలలేదని పుట్టింటికి పంపేసిన కోడలు, పిల్లలు లేరని పేరంటానికి పిలవని ఆడబిడ్డ, నెలకో కొడుకు దగ్గర వంతులమీద బతికే ముసలాయన, అందరిదీ అదే మాట. సంఘంలోనే కులం చూసి, కట్టుబట్ట చూసి దూరం పెట్టినవారూ ఉంటారు. ఆ గాయం అన్నిటికన్నా లోతైనది, ఎందుకంటే దేవుడే తోసేశాడని అనిపిస్తుంది.

మందిరం వెనక సామాన్ల గదిని రెండుగా చేసి అందులో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గది తీయాలని తీర్మానించాం. జిప్సం బోర్డు చవక, కానీ ఒక్క పొరే అయితే మాట అవతలికి వినబడుతుంది. అందుకే ఇటుక గోడే కడుతున్నాం. గోడను తల ఎత్తున ఆపకుండా పైన రేకుల దాకా లేపి, సందులన్నీ సిమెంటుతో పూడ్చాలి. ఆ పైసందు వదిలేస్తే కింద ఎంత మందం గోడ కట్టినా దండగే, మాట పైనుంచి దాటిపోతుంది. తలుపు కింద రబ్బరు పట్టీ, తలుపుకు కంటి ఎత్తున అద్దం పెడతాం. లోపలివారు బయటికి కనబడాలి, వినబడకూడదు. ఇది ఇరువురి క్షేమం కోసం.

వినేవాళ్లు ఆరుగురు, ముగ్గురు స్త్రీలు, ముగ్గురు పురుషులు. స్త్రీల మాట స్త్రీలే వింటారు. ఒకసారికి 45 నిమిషాలు. మొదటి 20 నిమిషాలు బైబిలు తెరవరు. వాక్యం మీద ప్రేమ తక్కువై కాదు, తొందరపడి చెప్పిన వాక్యం "ఇక చాలు, ఊరుకో" అన్నట్టు వినబడుతుంది గనుక. "నీకన్నా కష్టాలు పడ్డవాళ్లున్నారు", "నీలో ఏదో పాపం ఉండి ఉంటది" అన్న మాటలు ఆ గదిలో వినబడవు. తర్వాత బైబిలులో ఒక్క భాగమే, నెమ్మదిగా. ఉదాహరణకు మత్తయి సువార్తలో రెండు పిచ్చుకలు ఒక కాసుకు అమ్ముతారు, లూకా సువార్తలో అయిదు పిచ్చుకలు రెండు కాసులకు. అంటే అయిదోది కొసరు, దానికి వెలే కట్టలేదు. దాన్ని కూడా దేవుడు మరువలేదన్నాడు ప్రభువు. పనికిరానివాడినన్న మాట వినీ వినీ దాన్నే నమ్మేసిన మనిషికి ఈ కొసరు పిచ్చుక చేరినంతగా పెద్ద ప్రసంగం చేరదు.

విన్నది ఉపవాస ప్రార్థనలో పేరుతో చెప్పరు. రెండు సంగతులు మాత్రం దాచరు. చచ్చిపోతానన్నవారిని ఒంటరిగా వదలరు, అక్కడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కు ఫోన్ కలుపుతారు, ప్రమాదం దగ్గర్లో ఉంటే అత్యవసర నంబరు 112కు. పిల్లలపై లైంగిక దాడి అని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, చట్టం కూడా అదే; పిల్లల సహాయ నంబరు 1098కూ ఫోన్ చేస్తారు. ప్రార్థన ఉంది కదా అని మందులు మానమని ఎవరూ చెప్పరు.

ఖర్చు ఇది. గోడకు 600 ఇటుకలు, 6 బస్తాల సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి కలిపి రూ. 24,000. తలుపు, అద్దం, పట్టీ రూ. 14,000. ఫ్యాను, మూడు కుర్చీలు, లైటు రూ. 9,000. వినేవారికి అర్హతగల కౌన్సెలర్‌తో నాలుగు శనివారాల శిక్షణ రూ. 10,000. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చేవారి దారిఖర్చు, భోజనం నెలకు రూ. 3,000 చొప్పున ఏడాదికి రూ. 36,000. ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమే గాని బస్టాండు నుంచి ఆటో, మగవారి టికెట్టు ఉంటాయి. మొత్తం రూ. 93,000. చేతిలో ఉన్నది రూ. 21,000. ఇంకా కావలసింది రూ. 72,000.

ఇంటర్ ఫలితాలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. గోడకు వారం రోజులు నీళ్లు పట్టాలి, ఆపైన సున్నం, తలుపు. అందుకని మార్చి మొదటి ఆదివారానికల్లా సొమ్ము చేరితేనే పిల్లలకు అక్కరకొస్తుంది.

కానుక ఆదివారం ఆరాధన తర్వాత కోశాధికారి చేతికిచ్చి రసీదు తీసుకోండి. పేరు వద్దంటే "విశ్వాసి" అని రాస్తాం. ఈ రసీదుతో ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. విదేశాల్లో ఉన్న భారత పౌరులు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపవచ్చు, విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి సొమ్ము మాత్రం చట్టప్రకారం మేము తీసుకోలేం. డబ్బు కుదరనివారు ఇటుకలో, కుర్చీనో, ఒకరోజు మేస్త్రీ పనో ఇవ్వవచ్చు. ఖర్చు లెక్క ప్రతి నెల చివరి ఆదివారం నోటీసు బోర్డు మీద పెడతాం.

ఆ గదిలో మాత్రం కానుకపెట్టె ఉండదు. చెప్పుకోవడానికి వచ్చినవారి దగ్గర ఆ రోజు ఒక్క రూపాయి కూడా తీసుకోం.

ఇట్లు, సంఘ కమిటీ, హన్మకొండ