కొత్త మైకు కొనలేదు, గది బాగు చేయించాం

కృష్ణానగర్‌లోని మా రికార్డింగ్ గది మళ్లీ తెరిచాం. పనులు జరుగుతున్నప్పుడు మీలో చాలామంది ఫోను చేసి, న్యూమన్ యు 87 మైకు కొన్నారా అని అడిగారు. కొనలేదు. దానికోసం దాచిన డబ్బంతా గోడలకు, తలుపుకు, ఏసీకి పెట్టాం.

1967 నుంచి స్టూడియోలు నమ్ముకున్న మైకు అది. దాని గొప్పతనం గురించి వాదన లేదు. అయితే అది కండెన్సర్ రకం, అంటే చిన్న శబ్దాన్నీ పట్టే సున్నితమైన మైకు. అలాంటిది ఏదైనా గొంతుతో పాటు గదినీ వింటుంది. మైకు ఎంత సున్నితమైనదైతే గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం, ఏసీ రొద, వీధిలో ఆటో హారను అంత స్పష్టంగా ట్రాకులోకి వస్తాయి. తర్వాత సాఫ్ట్‌వేరుతో వాటిని తీయబోతే గొంతులోని నిండుదనం కూడా కొంత పోతుంది. మీ పాటకు అలా జరగడం నాకిష్టం లేదు.

గోడల మీది పలుచటి ఫోమ్ పీకించేశాం. అంగుళం మందం ఫోమ్ హెచ్చు స్థాయి శబ్దాలనే పీల్చుకుంటుంది. 100 హెర్ట్జ్ లాంటి తగ్గు స్థాయి శబ్దతరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు, దానికి ఆ ఫోమ్ అడ్డే కాదు. ఇప్పుడు నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి నార) పలకలను గోడకు కొంత ఎడంగా బిగించాం. బేస్, అంటే తగ్గు స్థాయి శబ్దం, గది మూలల్లోనే ఎక్కువగా పేరుకుంటుంది కాబట్టి అక్కడ ఇంకా మందంగా వేయించాం. ఇంట్లో గోడలకు గుడ్ల అట్టలు అంటించుకుంటున్న కుర్రవాళ్లు దయచేసి ఆ శ్రమ మానుకోండి. బయటి మోత ఆగాలంటే బరువైన గోడ, సందులేని తలుపు కావాలి. మేమూ బోలు తలుపు తీసేసి, గట్టి చెక్క తలుపు పెట్టి చుట్టూ రబ్బరు పట్టీ వేయించాం. ఏసీ బయటి యూనిట్‌ను గోడ మీంచి తీసి మేడపైకి మార్చాం. దాని అదురు గోడలోంచి మైకు స్టాండు దాకా వచ్చేది.

మిగిలిన సామాను పాతదే. 'భ', 'ఫ' పలికేటప్పుడు మైకును కొట్టే గాలిని ఆపే పాప్ ఫిల్టర్, లయ కోసం పాడేవారికి వినిపించే క్లిక్ శబ్దం బయటికి పొక్కని మూత హెడ్‌ఫోన్లు, షూర్ ఎస్‌ఎం 58 మైకు అన్నీ బాగున్నాయి. ఇంట్లోనే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునేవారికి నా సలహా కూడా ఎస్‌ఎం 58 లాంటి డైనమిక్ మైకే. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకు అందించే కరెంటు) అక్కర్లేదు, దూరపు శబ్దాలను అంతగా పట్టుకోదు.

ఖర్చు పెరిగింది కాబట్టి గంటకు 700 రూపాయలున్న రేటు ఇకపై 850. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత రేటే.

వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా సాయంత్రాలు గొంతు రికార్డింగులు తీసుకోం. వీధిలో వాయించే డప్పుల మోతను, పెద్ద స్పీకర్ల బేస్‌ను ఈ కొత్త తలుపు కూడా పూర్తిగా ఆపలేదు. ఆ వేళల్లో ఎడిటింగ్, మిక్సింగ్ చేస్తాం. డబ్బింగ్, పాటలు ఉన్నవారు ఉదయం వేళలు ముందుగా చెప్పి ఉంచుకోండి.